కెమెరాలో గడియారం

మా అత్తగారు కమలమ్మగారు తణుకు నుంచి ఐర్లాండులో మేముండే కార్క్ వచ్చింది పోయినేడాది మే నెలాఖరున. కొడుకు పోయాక ఈ దేశం మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి, మనవరాలికి పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయని మనసు మార్చుకున్నారు. ఆవిడ వచ్చిన నాలుగో రోజున మా హాసిని అటకెక్కి, వాళ్ల నాన్న వీడియో కెమెరా సంచీని దుమ్ముతో సహా కిందికి దించింది. ఆ సంచీ జిప్పు నేను పదమూడేళ్లుగా తీయలేదు.

"ఫొటోలున్నాయి కదే, ఇవెందుకిప్పుడు?" అన్నాను.

"ఫొటోస్‌లో నాన్న కదలడు కదా," అంది హాసిని ఇంగ్లీషులో.

ఇక్కడి పిల్లలకి పద్దెనిమిదో పుట్టినరోజు పెద్ద పండగ. చిన్నప్పటి బొమ్మలన్నీ గుదిగుచ్చి, స్నేహితులందరినీ పిలిచి, గోడమీద సినిమాలా వేసుకుంటారు. హాసిని పుట్టినరోజు జూన్ పదకొండు. అప్పటికి లీవింగ్ సర్ట్, అంటే ఇక్కడి స్కూలు ఆఖరి పరీక్షలు, నడుస్తుంటాయి కాబట్టి పార్టీ జూలై మొదటి శనివారానికి పెట్టుకుంది. సంచీలో అరచేతిలో ఇమిడే కెమెరా, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి పదకొండు టేపులు ఉన్నాయి. ప్రతి టేపు మీదా జితేంద్ర చేతిరాత. "వీటిని నా లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇవ్వమ్మా, ఎడిటింగ్ నేను చూసుకుంటా" అని పని నా నెత్తిన పెట్టి, హాసిని చదువుకోడానికి పైకి వెళ్లిపోయింది.

జితేంద్ర నా భర్త. హాసినికి నాలుగేళ్లప్పుడు, ఒక జనవరి తెల్లవారుజామున ట్రాలీ అనే ఊరి నుంచి తిరిగొస్తూ కారు ప్రమాదంలో పోయాడు.

అత్తగారికి మనవరాలంటే ఇష్టం లేదంటే నా కళ్లు పోతాయి. దానికోసం డబ్బాడు సున్నుండలు నేతితో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. కానీ ఆ సున్నుండ దాని చేతిలో పెట్టరు. పళ్లెంలో పెట్టి పళ్లెం జరుపుతారు. తలమీద చెయ్యి వేయరు. మేం బయటికి బయల్దేరుతుంటే హాసిని మెట్లు దిగుతూ ఎదురైందా, అది వంటింట్లోకి వెళ్లేదాకా చెప్పులేసుకోకుండా నిలబడతారు. ఏమీ అనరు. ఆ అనకపోవడమే నన్ను కోసేది.

దీనికంతటికీ మూలం హాసిని నక్షత్రం. చిత్త మొదటి పాదంలో పుట్టింది, తండ్రికి గండం అని తణుకులో పురుషోత్తం సిద్ధాంతిగారు జాతకం రాశారు. శాంతి చేయించేదాకా తండ్రి పిల్లని నేరుగా చూడకూడదట. గిన్నెలో నూనె పోసి, అందులో పిల్ల మొహం నీడ చూసి, ఆ తరవాతే ఎత్తుకోవాలట. ఈ సంగతి అత్తగారు ఫోన్ చేసి చెప్పేసరికి హాసినికి రెండో నెల. జితేంద్ర పడీపడీ నవ్వాడు. "నేను ముందు చూసింది కెమెరా తెరలోనేనమ్మా. నూనె ఖర్చు మిగిలింది" అన్నాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

తరవాత నాలుగేళ్లకి అతను పోయాడు. నాలుగో సంవత్సరీకం నాడు ఆవిడ ఫోన్లో అన్నమాట నాకింకా చెవుల్లో ఉంది. "చిత్త మొదటి పాదం ఊరికే పోతుందటే లలితా? పుట్టీపుట్టగానే చూసేడు. అది మింగేసింది వాణ్ణి." నా రెండు చేతులూ గారెల పిండిలో ఉన్నాయి, ఫోన్ స్పీకర్లో ఉంది. ఎనిమిదేళ్ల హాసిని వంటింటి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. అది ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది కదా, ఇదంతా దానికేం అర్థమవుతుందిలే అనుకున్నాను. స్పీకర్ ఆపలేదు.

జితేంద్ర కెమెరా టేపుని మింగడమే తప్ప తిప్పడం మానేసింది. నా లాప్‌టాప్‌కి దాని తీగ పెట్టే చోటే లేదు. ట్రాలీలో బ్రహ్మాజీ అన్నయ్య ఉన్నాడు, జితేంద్ర స్నేహితుడు, పాత వస్తువు ఏదీ పారేయని మనిషి. శనివారం పొద్దున్నే బయల్దేరాను. మాక్రూమ్ మీదుగా వెళ్తే దగ్గర, కానీ అది జితేంద్ర ఆఖరిసారి వచ్చిన దారి. నేను మాలో అనే ఊరి మీదుగా చుట్టు తిరిగి వెళ్లాను. పదమూడేళ్లుగా నాకు అదే దారి.

"ఏం చెల్లే, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అంటూనే అన్నయ్య డొక్కు కంప్యూటరొకటి, దుమ్ము దులిపి సిద్ధంగా ఉంచిన ఇంకో కెమెరా తెచ్చి బల్లమీద పెట్టాడు. తీగ కలిపి, ఒక టేపు పెట్టి చూపించాడు.

"గంట టేపు గంటసేపు నడవాల్సిందే. తొందరవడితే కాదు. నడుస్తుంటే కంప్యూటర్ల దిగుతది. జితేంద్ర ఎక్కడెక్కడ ఆపి మళ్ల మొదలువెట్టిండో అక్కడక్కడ ఇదే ముక్కలు చేస్తది. ఒక్కొక్క ముక్కకు కెమెరా గడియారంల ఉన్న తేదీ, టైమే పేరు వెడ్తది."

"తెరమీద గీతలేంటన్నయ్యా, దువ్వెన పళ్లలాగా?"

"పాత కెమెరాలకు గట్లనే ఉంటది. అవి తీసేసి, హాసిని సాఫ్ట్‌వేర్‌కు సరిపోయేటట్టు మార్చుడు తర్వాతి పని. గది కాపీ మీద చెయ్యి. అసలుదాన్ని మాత్రం ముట్టకు, టేపుల ఎట్లున్నదో గట్లనే ఉండాలె."

నాకు నవ్వొచ్చింది. రేవు పక్కన మందుల ప్లాంటులో పదహారేళ్లుగా నేను అందరికీ చెప్పేది ఆ ముక్కే. అక్కడ ఏ యంత్రం ఏ నిమిషానికి ఏం చేసిందో ఆ యంత్రమే రాసుకుంటుంది. ఆ రాతల్ని ఎవరూ చెరపకుండా చూడడం, యంత్రం గడియారం సరైన టైముతో కలుస్తోందో లేదో నెలనెలా సరిచూసి సంతకం పెట్టడం నా కొలువు. రెండు నిమిషాల తేడా కనిపిస్తే నాలుగు పేజీల రిపోర్టు రాస్తాను. ప్లాంటులో నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు.

కంప్యూటర్ని కారు వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి మళ్లీ మాలో మీదుగానే ఇంటికి వచ్చాను.

రోజుకొక టేపు. ఆరున్నరకి ప్లాంటు నుంచి వచ్చి, అన్నం తిని, చిన్నగదిలో టేపు పెట్టేదాన్ని. జూన్ నెల కావడంతో పది దాటేదాకా వెలుగే. తెర మీద వెలుగు పడుతోందని కర్టెన్లు లాగేదాన్ని. మొదటిరోజు భయపడ్డాను. జితేంద్ర కనిపిస్తాడని భయం. కానీ కెమెరా పట్టుకున్నవాడు కనిపించడు కదా. మొదటి మూడు టేపుల్లో అతని గొంతు, ఒకటి రెండుసార్లు నీడ, అంతే. ఎక్కువగా నేనే ఉన్నాను, కడుపుతో, చిరాగ్గా, "ఆపండి బాబూ" అంటూ.

రెండో రోజు నుంచి అత్తగారు వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. చేతిలో జపమాల. కొడుకు గొంతు వినిపించినప్పుడల్లా వేళ్లు ఆగేవి.

"వాడెక్కడే?" అనేవారు.

"తీసేది ఆయనే కదత్తయ్యా."

"ఒక్కసారైనా ఎవరికైనా ఇవ్వచ్చుగా ఆ కెమెరా. వెధవ."

ఆ 'వెధవ' అనడంలో ఎంత ప్రేముందో విన్నవాళ్లకే తెలుస్తుంది. ఆ మూడు సాయంత్రాలూ మేమిద్దరం పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత దగ్గరగా కూర్చున్నాం.

నాలుగో టేపులో హాసిని పుట్టింది. నేనా టేపు ఎప్పుడూ చూడలేదు. కాన్పు అడ్డం తిరిగి, మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. పుట్టినప్పుడు నేను అక్కడ ఉండీ లేను. తెరమీద ఆసుపత్రి వరండా, చివర ఒక కిటికీ. తలుపు తెరుచుకుని నర్సు తెల్లగుడ్డలో చుట్టిన పిల్లని తీసుకొచ్చింది. కెమెరా వణికింది. "వచ్చావా తల్లీ. ఇంతసేపా," అన్నాడు జితేంద్ర. అంతే, ఇంకేమీ అనలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒక క్షణం చూపు పోతుందని.

అత్తగారు తల తిప్పుకున్నారు.

"రెండూ పది," అన్నారు గోడకేసి చూస్తూ. "అర్ధరాత్రి రెండూ పది. ఆ వేళ పుట్టాలా ఇది."

"రెండూ పదేమిటత్తయ్యా?"

"అదేనే, పుట్టిన టైము. జాతకాలూ గీతకాలూ వద్దని వాడు టైము చెప్పలేదుగా. నేనేం తక్కువదాన్నా? వాడు పంపిన సీడీ వేయించి చూసేను. కింద మూలని తేదీ, టైమూ పడుతోంది. పన్నెండో తారీకు, రెండూ పది. సిద్ధాంతిగారికి చెప్పేను. అది మీ దేశం టైము కదాని ఆయన నాలుగున్నర గంటలు కలిపి, మన టైము కట్టి జాతకం వేసేరు. పొద్దున్న ఆరూ నలభై, చిత్త మొదటి పాదం."

నేను తెరకేసి చూశాను. ముక్క పేరులో నిజంగానే పన్నెండో తారీకు, రెండు గంటల పది నిమిషాలు అని ఉంది. టేపు ఇంకా నడుస్తోంది. వరండా చివర కిటికీలోంచి నారింజరంగు ఎండ నేలమీద పడుతోంది.

"అర్ధరాత్రయితే ఆ ఎండేమిటత్తయ్యా?"

"ఈ దేశంలో ఎండాకాలం రాత్రి ఉండదుగా. చూస్తూనే ఉన్నాంగా," అన్నారావిడ, మా కర్టెన్ల వైపు చెయ్యి చూపించి.

ఆవిడ లేచి వెళ్లాక కూడా నేను కదల్లేదు. హాసిని పుట్టింది పదకొండో తారీకు రాత్రి తొమ్మిదీ ముప్పై రెండుకి. ఆసుపత్రివాళ్ల కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. జాతకానికి ఆ టైమే వెళ్లి ఉంటుందని పద్దెనిమిదేళ్లుగా అనుకున్నాను. అత్తగారు ప్రతి ఏడూ పన్నెండో తారీకునే ఫోన్ చేసేవారు. ఇండియా లెక్క కాబోలనుకున్నాను. అడగలేదు.

ఆ కెమెరా జితేంద్ర హైదరాబాదులో కోఠీలో కొన్నాడు. కొట్టువాడే గడియారం సరిచేసి ఇచ్చాడు. ఇక్కడికి వచ్చాక జితేంద్ర దాన్ని మార్చలేదు. మా వంటింట్లో కూడా అమ్మకి ఫోన్ చేసే వేళ తప్పకూడదని ఒక గోడగడియారం ఇండియా టైములోనే ఉంచేవాడు. కెమెరా రాసుకున్న రెండూ పది అప్పటికే తణుకు టైము. ఇక్కడి లెక్కన పదకొండు రాత్రి తొమ్మిదీ నలభై, నర్సు పిల్లని బయటికి తెచ్చిన వేళ. దానికి సిద్ధాంతిగారు మళ్లీ నాలుగున్నర కలిపారు.

ఒక్క రికార్డు చూసి గడియారం తప్పని రాయకూడదు. అది మా ప్లాంటు పద్ధతి. ఇంకో సాక్ష్యం కావాలి. మిగిలిన టేపులన్నీ ఆ వారంలో దించాను, రోజుకి రెండేసి. ఇక్కడి టీవీలో రోజూ సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఒక నిమిషం పాటు చర్చి గంటలు మోగిస్తారు. ఏడో టేపులో హాసిని తొలి అడుగులు వేస్తోంది. వెనక టీవీలో ఆ గంటలు మోగుతున్నాయి. ముక్క పేరులో టైము రాత్రి పదిన్నర. తొమ్మిదో టేపులో క్రిస్మస్ చెట్టు, మళ్లీ అవే గంటలు. ఈసారి పదకొండున్నర. చలికాలంలో ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఇండియాలో తిప్పరు. ఆ తేడా కూడా అచ్చంగా సరిపోయింది. కెమెరా మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇండియా టైమే నడిచింది.

ఫోన్లో పంచాంగం తీసి ఆ ఏడాది జూన్ నెల చూశాను. పన్నెండో తారీకు తెల్లవారుజామున, ఇండియా టైములో నాలుగు దాటేదాకా హస్త. ఆ తరవాతే చిత్త. నా కూతురు హస్తా నక్షత్రంలో పుట్టింది.

అప్పుడు నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను. వంటింట్లో నిలబడి నోరు మూసుకుని ఏడ్చాను. ఇక అత్తగారు దాని చేతిలో సున్నుండ పెడతారు, తలమీద చెయ్యి వేస్తారు. పార్టీకి ముందే ఈ పీడ వదిలిపోతుంది. అంతే ఆలోచించాను. ఎందుకంత ఏడ్చానో మాత్రం నన్ను నేను అడుక్కోలేదు.

హాసిని ఆఖరి పరీక్ష రాసిన రోజు సాయంత్రం చెప్పాను. అది స్నేహితులతో ఊళ్లోకి వెళ్లింది. బయట సన్నగా వాన. అత్తగారు పులిహోరకి చింతపండు పిసుకుతున్నారు. లాప్‌టాప్ బల్లమీద పెట్టి, ఆసుపత్రి కాగితం పక్కన పెట్టి, ఒక్కొక్కటీ చూపించాను. ఎండ, గంటలు, చలికాలం గంటలు. ప్లాంటులో ఆడిటర్లకి చెప్పినట్టు వరసగా, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాను.

ఆవిడ చింతపండు చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, "సిద్ధాంతిగారికి ఫోన్ కలుపు" అన్నారు. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది. పాపం ఆ పెద్దాయన నిద్రలోంచే లేచి, పంచాంగం తెప్పించుకుని, చాలాసేపు గొణుక్కున్నాడు.

"అమ్మా, హస్త నాలుగో పాదం. దోషమేమీ లేదు. మీరు ఐర్లాండు టైమన్నారు, నేను కలిపేను. నా తప్పు లేదమ్మా ఇందులో," అన్నాడు.

"ఎవరి తప్పూ లేదు లెండి," అని ఆవిడ ఫోన్ నా చేతికిచ్చారు.

తలెత్తి చూస్తే గుమ్మంలో హాసిని ఉంది. ఎప్పుడొచ్చిందో, కోటు మీంచి నీళ్లు కారుతున్నాయి. అత్తగారు లేచి రెండు చేతులూ చాపారు. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారో అంత ఆపేక్షా ఆ మొహంలో ఉంది.

"రావే నా బంగారుతల్లీ. నీ తప్పేం లేదే. హస్తేనట. నీ తప్పేం లేదు," అన్నారు.

హాసిని కదల్లేదు.

"గడియారం సరిగ్గానే ఉండి ఉంటే?" అంది ఇంగ్లీషులో. గొంతులో కోపం లేదు, తెలుసుకోడానికి అడిగినట్టే అడిగింది. "అప్పుడు నాన్నని నేనే చంపినట్టా?"

అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఏమంటోందన్నట్టు నాకేసి చూశారు.

"నీకెవరు చెప్పారివన్నీ?" అన్నాను.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు. నీ చేతులకి పిండి ఉంది, ఫోన్ ఆ ప్రెస్ మీద ఉంది," అని కప్పులు పెట్టుకునే అలమర చూపించింది. "మీరందరూ నాకు తెలుగు రాదనుకుంటారు. నేను మాట్లాడను, అంతే. వినిపిస్తుంది కదా." నావైపు తిరిగి, "అమ్మా, నువ్వెందుకు చెక్ చేశావ్?" అంది.

నాన్నమ్మ కోసం అని చెప్పాలి. నోట్లో సిద్ధంగా ఉంది ఆ మాట. బయటికి రాలేదు. ఎందుకంటే అది నిజం కాదు. జాతకాలు నాకు పట్టవని పదిమందిలో చెప్పుకున్నాను. అయినా ఈ పదమూడేళ్లలో ఎన్నో పొద్దుటిపూటలు నిద్రపోతున్న నా బిడ్డ మొహం చూసి, ఆ చిత్త మొదటి పాదం గుర్తొచ్చి, గబుక్కున లేచి పనిలో పడ్డాను. అత్తగారు నోటితో అన్నారు. నేను కడుపులో పెట్టుకున్నాను. గడియారం తప్పని తేలాక నేను ఏడ్చిన ఏడుపు అదీ.

"నాక్కూడా భయం ఉండేదే," అన్నాను.

హాసిని తలూపింది. "నాకు తెలుసు," అంది.

అత్తగారు మెల్లిగా కుర్చీలో కూలబడ్డారు. మా మాటలు ఆవిడ వినడం లేదు. తెరమీద వరండా బొమ్మ అలాగే ఆగి ఉంది, కిటికీ, నేలమీద ఎండ. దానికేసే చూస్తున్నారు.

"అయితే మరి వాడెందుకు పోయేడే?" అన్నారు.

ఎవరినీ చూసి అడగలేదు. మళ్లీ అడిగారు. "నక్షత్రం కాదంటున్నారుగా. అయితే నా కొడుకెందుకు పోయేడు? ముప్పై ఆరేళ్లే వాడికి. ఏదో ఒకటి ఉండాలిగా. ఏదీ లేకుండా ఎలా పోతాడే?"

ప్లాంటులో ప్రతి తప్పుకీ మూలకారణం రాయాలి. 'కారణం తెలియదు' అని రాస్తే రిపోర్టు వెనక్కి పంపేస్తారు. ఆవిడ ఇన్నేళ్లూ దేన్ని పట్టుకుని బతికారో నాకు అప్పుడే అర్థమైంది. నేను ఆ సాయంత్రం ఆవిడ కారణాన్ని లాగేసుకున్నాను, బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. మనవరాల్ని ఆవిడకి తిరిగి ఇస్తున్నాననుకున్నాను కానీ, కొడుకుని ఇంకోసారి పోగొడుతున్నానని తట్టలేదు.

హాసిని కోటు విప్పి కుర్చీకి తగిలించింది. వచ్చి నాన్నమ్మ కాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది. తెలుగులో మాట్లాడింది. ఆ యాసకి ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాళ్లం. ప్రతి మాటా వెతుక్కుని, నిలబెట్టుకుని మాట్లాడింది.

"మంచు, నాన్నమ్మా. రోడ్డు మీద మంచు ఉంది. అది కనిపించదు. నల్లగా ఉంటుంది, రోడ్డులాగే. నాన్న కారు జారింది. అంతే. ఇంకేం లేదు."

అత్తగారు దాని మొహంలోకి చూశారు. పక్కకి కాదు, పళ్లెం మీదికి కాదు, సూటిగా కళ్లలోకి.

"మంచా?" అన్నారు.

"మంచే."

"వాడికి చలి పడదే," అన్నారావిడ. "చిన్నప్పట్నుంచీ పడదు. సంక్రాంతి నెలలో చెవులకి గుడ్డ కట్టనిదే బయటికి పోనిచ్చేదాన్ని కాదు. చలికి ఎంత అల్లాడేడో. ఎంతసేపున్నాడో అలాగ."

హాసిని నాకేసి చూసింది. దానికి నాలుగేళ్లప్పుడు జరిగిన సంగతి, దానికేం తెలుస్తుంది. ఆ వేళ తలుపు తట్టి నాకు వార్త చెప్పిన గార్డు, అంటే ఇక్కడి పోలీసు, ఒక కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. టోపీ చేత్తో పట్టుకుని, నన్ను ఎలా ఓదార్చాలో తెలియక, తను చూసిందంతా చెప్పేశాడు. అందులో ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నేనూ వెళ్లి నేలమీద కూర్చున్నాను.

"లేదత్తయ్యా," అన్నాను. "పోలీసులు వెళ్లేసరికి కారులో ఇంకా హీటరు నడుస్తూనే ఉందట. లోపల వెచ్చగానే ఉందట."